ఒకే మోగ్లీ, రకరకాల ముగింపులు: ‘జంగిల్ బుక్’లో పిల్లల సినిమా ఏది?

వైజాగ్‌లో వేసవి సెలవులంటే పొద్దున తొమ్మిదికే ఉక్కపోత, ఇంటినిండా పిల్లలు. సాయంత్రానికి బీచ్ రోడ్డు ఉంది, ఒక ఆదివారానికి జూ ఉంది. మిగతా టైమంతా టీవీ ముందే. ఏదో ఒక రోజు ఇంట్లో పెద్దవాళ్ళెవరో ‘జంగిల్ బుక్ పెట్టండి, పిల్లల సినిమాయే కదా’ అంటారు. వెతికితే ఆ పేరుతోనో, మోగ్లీ పేరుతోనో రెండు మూడు సినిమాలు వరసగా కనిపిస్తాయి. ఒకదాంట్లో ఎలుగుబంటి నడుం తిప్పుతూ పాట పాడుతుంది. ఇంకోదాంట్లో వేటగాడి గది గోడ మీద తోడేలు పిల్ల తల తగిలించి ఉంటుంది. రెండింటికీ మూలం ఒకటే పుస్తకం. రెండింటిలోనూ తోడేళ్ళు పెంచిన అదే అబ్బాయి, అదే పులి, అదే నల్ల చిరుత.

మరి పిల్లలకి ఏది? ఈ ప్రశ్న ఈమధ్య ఇంకాస్త చిక్కుపడింది. 2024 నవంబరు నుంచి మన సెన్సార్ గుర్తులు మారాయి. పాత సినిమాల మీద పాత గుర్తులు, కొత్తవాటి మీద కొత్త గుర్తులు, ఓటీటీలో మరో పద్ధతి. ఒక్క జంగిల్ బుక్‌ని పట్టుకుని చూస్తే ఈ ముళ్ళన్నీ ఎక్కడ పడ్డాయో బాగానే తెలుస్తుంది.

## ‘ఫ్యామిలీ సినిమా’ అన్నప్పుడు మనం ఏమంటున్నాం

ఈ మాటని మనం మూడు వేర్వేరు అర్థాల్లో వాడుతుంటాం. సెన్సార్ బోర్డు ఇచ్చిన గుర్తు ఒకటి. పిల్లల కోసం కథని మెత్తబరచడం రెండోది. అమ్మమ్మ నుంచి మనవరాలి దాకా ఒకే సోఫాలో ఇబ్బంది పడకుండా చూడగలగడం మూడోది. ఈ మూడూ ఒకేచోట కలవాలని ఏమీ లేదు. ‘మాయాబజార్’నే తీసుకోండి. 1957లో దాన్ని ఎవరూ పిల్లల సినిమా అనుకుని తియ్యలేదు. అయినా ఘటోత్కచుడు వివాహ భోజనం లాగించేస్తుంటే ఐదేళ్ళవాడూ నవ్వుతాడు, ఎనభై ఏళ్ళాయనా నవ్వుతాడు.

మాయాబజార్ ఇంకో విషయానికీ పనికొస్తుంది. వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదు, ఆమె పెళ్ళీ లేదు. జనంలో తిరిగిన కథ నాటకాల మీదుగా సినిమా అయింది. ఇలా ఒక కథని తీసుకుని, కొంత ఉంచి, కొంత వదిలి, కొంత కలిపి వేరే రూపంలో చెప్పడాన్నే అనుసరణ అంటారు. ‘పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు తియ్యలేదు’ అన్న ఫిర్యాదుతో మొదలుపెడితే మాయాబజార్‌నీ పక్కన పెట్టాల్సి వస్తుంది. కాబట్టి ఏం మార్చారు, ఎవరి కోసం మార్చారు, మార్చినందువల్ల కథ ఎటు తిరిగింది అని అడగడమే మేలు.

## పుస్తకంలో ఉన్న మోగ్లీ

రుడ్యార్డ్ కిప్లింగ్ 1865లో బొంబాయిలో పుట్టాడు. ‘ది జంగిల్ బుక్’ 1894లో, ‘ది సెకండ్ జంగిల్ బుక్’ 1895లో వచ్చాయి. వాటిని రాసింది మాత్రం ఇండియాలో కాదు, అమెరికాలో మంచు కురిసే వెర్మాంట్ రాష్ట్రంలో. కథ జరిగేది ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని సియోని కొండల్లో.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ పుస్తకాలు నవలలు కావు, కథల సంపుటాలు. మొదటిదాంట్లో ఏడు కథలుంటే మోగ్లీవి మూడే. మిగతావాటిలో పాముల మీద పోరాడే ముంగిస కథ ఉంది, తెల్ల సీల్ జంతువు కథ ఉంది, ఏనుగుల నాట్యం చూసిన కుర్రాడి కథ ఉంది. రెండో పుస్తకంలో ఎనిమిది కథలకి ఐదు మోగ్లీవి. అంటే సినిమా తీసేవాళ్ళ చేతిలో పడేది ఎనిమిది విడివిడి కథలు. మొదలు, మధ్య, చివర ఉన్న ఒకే కథగా వాటిని కుట్టే పని వాళ్ళదే. సినిమాకీ సినిమాకీ అంత తేడా రావడానికి సగం కారణం ఇదే.

ఆ ఎనిమిదింటిలో రక్తం తక్కువేమీ లేదు. ఒక కథలో మోగ్లీ తనని ఆదరించిన మనుషుల్ని హింసించిన ఊరి మీదికి ఏనుగుల్ని, జింకల్ని, అడవి పందుల్ని తోలి ఊరినే నేలమట్టం చేయిస్తాడు. ఇంకోదాంట్లో దక్కను నుంచి వచ్చిన ఎర్ర అడవికుక్కల గుంపుతో తోడేళ్ళు చివరిదాకా పోరాడతాయి, ఒకప్పుడు వాటికి నాయకుడైన ముసలి తోడేలు అకేలా ప్రాణం పోతుంది. మరోదాంట్లో రత్నాలు పొదిగిన ఒక అంకుశం కోసం మనుషులు ఒకరినొకరు చంపుకుంటూ పోతారు. ఇవన్నీ పిల్లలు చదవాలనే రాసినవి. ఆ కాలానికి పిల్లల పుస్తకంలో చావు ఉండటం వింత కాదు.

## ఒకే పులి, నాలుగు రకాల ఓటమి

సినిమాలు ఎలా విడిపోయాయో చూడటానికి అన్నిటికన్నా తేలిక దారి షేర్‌ఖాన్ చివరికి ఏమయ్యాడో చూడటం.

పుస్తకంలో షేర్‌ఖాన్ పుట్టుకతోనే కుంటి పులి. బాగా తిని, తాగి, ఎండిన వాగులో పడుకుని ఉంటాడు. మోగ్లీ, అకేలా, ఇంకో తోడేలు కలిసి ఊరి గేదెల మందని రెండుగా చీల్చి, వాగుకి రెండు వైపుల నుంచీ తోలుకొస్తారు. గేదెల గిట్టల కింద పులి నలిగి చస్తాడు. అక్కడితో అయిపోదు. మోగ్లీ కత్తి తీసి చర్మం ఒలుస్తాడు. ఊరి వేటగాడు బల్దేవ్ వచ్చి, పులి తోలుకి ప్రభుత్వం ఇచ్చే వంద రూపాయల బహుమతి కోసం దాన్ని లాక్కోబోతాడు. తరవాత ఊరివాళ్ళు మోగ్లీని మంత్రగాడని రాళ్ళతో కొట్టి తరుముతారు. పన్నెండేళ్ళయినా నిండని కుర్రాడు ఆ తోలుని తోడేళ్ళ సభ జరిగే బండ మీద పరుస్తాడు. గెలిచాడు, కానీ మనుషులూ వెళ్ళగొట్టారు, తోడేళ్ళూ వెళ్ళగొట్టాయి.

1967లో డిస్నీ తీసిన కార్టూన్ సినిమాలో ఇదేమీ లేదు. పిడుగు పడి చెట్టు అంటుకుంటుంది, మోగ్లీ మండుతున్న కొమ్మని పులి తోకకి కడతాడు, షేర్‌ఖాన్ పరుగు లంకించుకుంటాడు. చావు లేదు. ఎలుగుబంటి బలూ చనిపోయాడని ఒక్క నిమిషం అనిపించి, వెంటనే లేచి కూర్చుంటాడు. ఈ మెత్తదనం అనుకోకుండా వచ్చింది కాదు. మొదట కథ సిద్ధం చేసిన బిల్ పీట్ పుస్తకంలోని చీకటిని చాలావరకు ఉంచాడు. వాల్ట్ డిస్నీకి అది నచ్చలేదు, పీట్ స్టూడియో వదిలి వెళ్ళిపోయాడు. తరవాత వచ్చిన కథకుల చేతిలో పుస్తకం పెట్టి, దీన్ని చదవొద్దని డిస్నీ చెప్పాడన్నది సినిమా చరిత్రలో బాగా ప్రచారంలో ఉన్న సంగతి. ఆయన 1966 డిసెంబరులో చనిపోయాడు, సినిమా మరుసటి ఏడాది అక్టోబరులో విడుదలైంది.

2016లో అదే డిస్నీ, జాన్ ఫావ్రో దర్శకత్వంలో ఆ కథని మళ్ళీ తీసింది. మోగ్లీగా నటించిన నీల్ సేఠీ నిజం, చుట్టూ ఉన్న అడవి దాదాపు మొత్తం కంప్యూటర్‌లో పుట్టింది. షూటింగ్ లాస్ ఏంజెలెస్ స్టూడియోలో. ఇందులో షేర్‌ఖాన్ అకేలాని అందరి కళ్ళముందే కొండ అంచు నుంచి విసిరేస్తాడు. చివర్లో తానే మంటల్లో పడిపోతాడు. చావుంది, కానీ మోగ్లీ చేతికి రక్తం అంటదు. అడవిలోంచి దొరికిన తీగలూ కొమ్మలూ, తన మనిషి బుర్రా వాడి ఉచ్చు పన్నుతాడు, అంతే.

2018లో ఆండీ సర్కిస్ తీసిన ‘మోగ్లీ: లెజెండ్ ఆఫ్ ద జంగిల్’ వార్నర్ బ్రదర్స్ దగ్గర తయారై నెట్‌ఫ్లిక్స్‌కి చేరింది. ఇందులో మోగ్లీ పులిని కత్తితో తానే చంపుతాడు. మొదట్లో చెప్పిన గోడ మీది తల ఈ సినిమాలోదే. అది భూత్ అనే తెల్ల తోడేలు పిల్లది, మోగ్లీకి ప్రాణ స్నేహితుడు. ఆ పాత్ర పుస్తకంలో లేదు. కిప్లింగ్‌కి దగ్గరగా వెళ్దామని బయలుదేరిన సినిమా, కిప్లింగ్ కూడా రాయనంత గాయాన్ని కొత్తగా కలిపిందన్నమాట. నా మట్టుకు నాకు ఈ సినిమాలో మిగతావన్నీ మరుపున పడ్డాయి గానీ ఆ గది మాత్రం పోలేదు. పదేళ్ళ లోపు పిల్లలతో కలిసి చూడాలంటే అక్కడ తప్పకుండా ఆలోచించాలి.

అమెరికా రేటింగుల్లో 1967 నాటిది ‘జీ’ (అందరూ చూడొచ్చు), 2016 నాటిది ‘పీజీ’ (తల్లిదండ్రులు చూసుకోవాలి), 2018 నాటిది ‘పీజీ 13’ (పదమూడేళ్ళ లోపువాళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్త). ఒకే పులి మూడు మెట్లు ఎక్కాడు.

## కొండచిలువ మంచిదా, చెడ్డదా

మన పిల్లల్ని అడిగితే ‘కా’ అనే కొండచిలువ విలన్ అంటారు. కళ్ళు గుండ్రంగా తిప్పి మోగ్లీని నిద్రపుచ్చి మింగబోతుంది. ఇది 1967 సినిమా చలవ. పుస్తకంలో కా మోగ్లీకి పెద్ద దిక్కు. కోతులు అబ్బాయిని పాడుబడ్డ నగరానికి ఎత్తుకుపోతే వాడిని విడిపించేది ప్రధానంగా ‘కా’యే. అడవికుక్కల యుద్ధానికి ఉపాయం చెప్పేదీ ‘కా’యే. పాముని చూస్తేనే జనం భయపడతారు, ఇంకా మంచిదని చూపిస్తే ఎవరు నమ్ముతారన్నది డిస్నీ వాళ్ళ లెక్క. పుట్టలో పాలు పోసే ఊళ్ళలో ఆ లెక్క కాస్త వేరుగా ఉండేదేమో. 2018 సినిమాలో ‘కా’కి మళ్ళీ గౌరవం దక్కింది. 2016లోనూ 2018లోనూ అది ఆడ పాము. సోవియట్ రష్యాలో 1967 నుంచి 1971 దాకా ఐదు భాగాలుగా తీసిన ‘మౌగ్లీ’ కార్టూన్లలోనేమో బఘీరా ఆడ చిరుత. అడవికుక్కలతో యుద్ధాన్ని ఒక భాగం నిండా చూపించే ధైర్యం చేసిందీ వాళ్ళే. సోవియట్ పిల్లలకి అది పిల్లల సినిమాయే.

బలూ సంగతి ఇంకా తమాషా. పుస్తకంలో ఆయన మాస్టారు. అడవి చట్టాన్ని బట్టీ పట్టిస్తాడు, తప్పు చెప్పితే పంజాతో ఒకటి తగిలిస్తాడు కూడా. 1967లో పని ఎగ్గొట్టి తేనె తాగుతూ తిరిగే బద్ధకిష్టి అయ్యాడు. ఆ మార్పు ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే, తరవాత వచ్చిన ఏ బలూ కూడా డిస్నీ బలూ నీడ నుంచి పూర్తిగా బయటపడలేదు. ఎలుగుబంట్లు దాడిచేసే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం జీడితోటల్లో పనిచేసేవాళ్ళ ముందు ఎలుగుబంటి పేరెత్తితే మాత్రం పాట గుర్తుకు రాదు.

ఇక కోతుల రాజు లూయీ పుస్తకంలోనే లేడు. కిప్లింగ్ కోతులకి రాజంటూ ఉండడు, అదే వాటి లోపమని ఆయన వెక్కిరింత. 1967లో డిస్నీ వాళ్ళు ఒరాంగుటాన్‌ని పెట్టి జాజ్ పాట పాడించారు. ఒరాంగుటాన్లు బోర్నియో, సుమత్రా దీవుల్లో తప్ప ఇండియా అడవుల్లో ఉండవు. 2016లో ఈ తప్పు దిద్దాలని, ఎప్పుడో అంతరించిపోయిన జైగాంటోపిథెకస్ అనే రాక్షసి వానరాన్ని చేశారు. దానితో ఒక సరదా పాట కాస్తా గుహలో గోడలు విరగ్గొట్టే భయంకరమైన తరుముడు అయింది. లూయీ పాత్ర మీద అమెరికాలో ఇంకో విమర్శ కూడా ఉంది: ‘నేనూ నీలాగ మనిషినవ్వాలి’ అని కోతి జాజ్ పాడటం నల్లజాతివాళ్ళని కించపరిచే పాత మూసలోంచి వచ్చిందని. పాడింది ఇటలీ మూలాలున్న లూయీ ప్రీమా, అందులో అలాంటి ఉద్దేశం లేదని సమర్థించేవాళ్ళు అంటారు. పాట వినే ఐదేళ్ళ పిల్లకి ఇవేవీ తెలియవు. పక్కన కూర్చున్న పెద్దవాళ్ళకి తెలిసి ఉంటే మంచిదే.

## మోగ్లీ చివరికి ఎక్కడికి వెళ్ళాడు

పులి చావు కన్నా పెద్ద తేడా ఇక్కడ ఉందని నా అభిప్రాయం. ఎవరూ రేటింగుల్లో లెక్కపెట్టరు గానీ, పిల్లల మనసులో నిలిచేది ఇదే.

1967లో నీళ్ళు తోడుకోవడానికి వచ్చిన ఒక అమ్మాయి కుండ జారవిడుస్తుంది. మోగ్లీ ఆ కుండ పట్టుకుని ఊళ్ళోకి వెళ్ళిపోతాడు. బలూ, బఘీరా భుజాలు కలుపుకుని వెనక్కి నడుస్తారు. మనిషి చివరికి మనుషుల్లోకే చేరాలన్నది కథ తీర్పు. 2016లో సరిగ్గా దీనికి ఎదురు: మోగ్లీ అడవిలోనే ఉండిపోతాడు, చెట్టు కొమ్మ మీద ఆ ఇద్దరి పక్కన. నువ్వు నువ్వుగానే ఉండి, నీ ఇల్లు నువ్వే ఎంచుకోవచ్చన్నది ఇక్కడి తీర్పు. 2018లో ఊరూ, అడవీ రెండూ మోగ్లీని గాయపరచినవే. ఏ ఒక్కదానికీ పూర్తిగా చెందకుండా అడవికి కాపలాగా నిలబడతాడు.

కిప్లింగ్ చివరి మోగ్లీ కథలో వాడికి పదిహేడేళ్ళు. వసంతం వస్తుంది, అడవిలో ప్రతి జంతువూ తన తోడు వెతుక్కుంటూ వెళ్ళిపోతుంది, మోగ్లీకి ఎందుకో ఏడుపొస్తుంది. ఎవరూ వెళ్ళగొట్టరు, ఎవరూ పిలవరు. వాడే వెళ్ళాల్సిన టైమొచ్చింది. కళ్ళు కనపడని ముసలి బలూ దగ్గర సెలవు తీసుకుంటాడు. పెద్దయ్యాక మోగ్లీ అటవీశాఖలో ఉద్యోగం చేస్తూ, పెళ్ళి చేసుకుని, పెన్షన్‌కి కూడా అర్హుడయ్యే కథ ఇంకోటుంది, కిప్లింగ్ దాన్ని జంగిల్ బుక్ కన్నా ముందే, 1893లో అచ్చు వేశాడు. అడవిని ఏలినవాడు చివరికి సర్కారు నౌకరీలో చేరడం చూసి, ఇది బ్రిటిష్ పాలకుల కలలాగా ఉందని విమర్శకులు అంటారు. ఆ మాటలో బలం ఉంది. కిప్లింగ్ సామ్రాజ్యాన్ని నమ్మినవాడే. అయినా వసంతపు కథలోని దిగులు అర్థం కావడానికి సామ్రాజ్యంతో పనిలేదు, ఇంటర్ అయ్యాక హాస్టల్‌కి పెట్టె సర్దుకున్న పిల్లలందరికీ అది తెలుసు. ఏ సినిమా కూడా దాన్ని సరిగ్గా పట్టుకోలేదు. ఎనిమిదేళ్ళ హీరోని పెట్టుకుంటే పదిహేడేళ్ళ దిగులు చూపించడం కుదరదు మరి.

## సెన్సార్ గుర్తు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

2016 ఏప్రిల్ 8 మనకి గుర్తుండే తారీఖే. ఉగాది. ‘సర్దార్ గబ్బర్‌సింగ్’ విడుదలైన రోజు. అదే రోజు జంగిల్ బుక్ కూడా ఇంగ్లిష్, హిందీ, తమిళం, తెలుగు భాషల్లో వచ్చింది, అమెరికా కన్నా వారం ముందే. అప్పుడు దేశమంతా నవ్వుకున్న వార్త ఏమిటంటే, పిల్లల సినిమాకి సెన్సార్ బోర్డు ‘యూ’ ఇవ్వకుండా ‘యూఏ’ ఇచ్చింది. త్రీడీలో జంతువులు మీదికి దూకినట్టు ఉండి పిల్లలు భయపడతారని అప్పటి ఛైర్మన్ పహ్లాజ్ నిహలానీ వివరించారు. మన చిన్నప్పుడు దూరదర్శన్‌లో చూసిన కథకి యూఏ ఏమిటని సినిమావాళ్ళు సైతం ఎగతాళి చేశారు. కానీ అమెరికాలో కూడా దానికి అందరూ చూడొచ్చనే ‘జీ’ రాలేదు, భయపెట్టే సన్నివేశాలున్నాయని ‘పీజీ’యే వచ్చింది. నవ్వినంత తేలిగ్గా తీసిపారేసే నిర్ణయమేమీ కాదది.

అసలు ఈ అక్షరాలు ఏమిటి? 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద మొదట రెండే ఉండేవి: అందరికీ ‘యూ’, పెద్దలకి ‘ఏ’. 1983లో మధ్యన ‘యూఏ’ చేరింది. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి చూపించాలా వద్దా అన్నది తల్లిదండ్రులు చూసుకోవాలని దాని అర్థం. డాక్టర్ల లాంటి ప్రత్యేక వర్గాల కోసం ‘ఎస్’ కూడా అప్పుడే వచ్చింది, అది మనకి థియేటర్లో తగిలేది కాదు. ఈ యూఏ మరీ వెడల్పయిన సంచీ అయిపోయింది. కాస్త కుస్తీ ఉన్న కార్టూనూ అందులోనే, తలలు తెగిపడే మాస్ సినిమా కూడా అందులోనే. 2023లో చట్టం సవరించి, 2024లో కొత్త నియమాలు తెచ్చి యూఏని మూడు చేశారు: యూఏ 7 ప్లస్, యూఏ 13 ప్లస్, యూఏ 16 ప్లస్.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. ఎంవీపీ కాలనీలో ఉండే ఒక కుటుంబంలో ఐదేళ్ళ పాప, తొమ్మిదేళ్ళ బాబు, పద్నాలుగేళ్ళ అక్క ఉన్నారనుకోండి. జగదాంబ థియేటర్‌కి వెళ్దామనుకున్నారు. సినిమా మీద యూఏ 7 ప్లస్ ఉంటే బాబుకీ అక్కకీ ఇబ్బంది లేదు. పాప విషయం అమ్మానాన్నలు తేల్చుకోవాలి. తీసుకెళ్తామంటే గేటు దగ్గర ఎవరూ ఆపకూడదు, ఎందుకంటే ఈ వయసు గుర్తు తల్లిదండ్రులకి ఇచ్చిన సలహాయేగానీ వేరేవాళ్ళు అమలుచేసే నిషేధం కాదని 2023 సవరణలోనే ఉంది. యూఏ 13 ప్లస్ అయితే బాబు కూడా ‘ఆలోచించాలి’ జాబితాలోకి వస్తాడు. ‘ఏ’ అయితే లెక్క మారిపోతుంది. అక్కతో సహా ముగ్గురినీ లోపలికి పంపకూడదు, పక్కన అమ్మానాన్నలున్నా సరే.

అదే కుటుంబం ఇంట్లో ఓటీటీ పెట్టుకుంటే? అక్కడ సెన్సార్ బోర్డు ఉండదు. 2021 ఐటీ నియమాల ప్రకారం సంస్థ తనకు తానే యూ, యూఏ 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్, ఏ అని గుర్తు వేసుకోవాలి. థియేటర్ల కన్నా ఈ మూడు మెట్లు అక్కడే ముందు వచ్చాయి. కాబట్టి థియేటర్లో వట్టి యూఏతో ఆడిన పాత సినిమా ఫోన్‌లో వేరే గుర్తుతో కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. వేసింది వేరేవాళ్ళు, వేసిన కాలం వేరు.

గుర్తు చెప్పనివి కూడా ఉన్నాయి. ఎంత భయం ఉందో అది సుమారుగా చెబుతుంది. అది ఏ రకం భయమో, ఎంతసేపు ఉంటుందో, దాని తరవాత పిల్లల్ని ఎక్కడ వదిలేస్తుందో ఒక అక్షరంలో పట్టదు. అకేలాని కొండ మీంచి విసిరే దృశ్యం క్షణాల్లో అయిపోతుంది, కానీ తండ్రిలాంటివాడు పోయాడు. లూయీ గుహలో తరుముడు చాలాసేపు సాగుతుంది, ఎవరికీ ఏమీ కాదు. ఏడేళ్ళ పిల్లల్లో కొందరు రెండోదానికి చెవులు మూసుకుంటారు, కొందరు మొదటిదాని గురించి రాత్రి పడుకునేముందు అడుగుతారు.

## సింహాచలం నీడలో పెరిగిన పిల్లలకి భయం కొత్తా?

భయం తగ్గించాలనేవాళ్ళ వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. పుస్తకంలో చావు చదివే పిల్ల తన ఊహకి తగినంతే బొమ్మ కట్టుకుంటుంది. పెద్ద తెరా, చుట్టూ చీకటీ, ఒళ్ళు అదిరే సౌండూ ఆ అవకాశం ఇవ్వవు. పుస్తకం మూసెయ్యొచ్చు, మధ్య సీట్లోంచి లేచి బయటికి రావడం కష్టం. నిజమైన జంతువుల్లాగే కనిపించే కంప్యూటర్ బొమ్మలు వచ్చాక ఈ వాదనకి బలం పెరిగింది. 1967 పులి గీసిన బొమ్మని పసివాడికి కూడా తెలుసు. 2016 పులికీ, మన జూలో ఇనుప కంచె వెనక తిరిగే పులికీ తేడా వాడికి కనపడదు.

ఇటువైపు వాదన మన ఊళ్ళో ఇంకా బాగా అర్థమవుతుంది. ప్రహ్లాదుణ్ణి సముద్రంలోకి తోయించి మీద కొండ వేయిస్తే స్వామి వచ్చి కాపాడిన చోటే సింహాచలం అని స్థలపురాణం. కన్నతండ్రే పిల్లవాణ్ణి చంపించబోవడం, చివరికి గడప మీద పొట్ట చీల్చడం: ఈ కథ వినకుండా పెరిగిన విశాఖ పిల్లలు తక్కువ. డిస్నీ పులి తోకకి మంట కట్టి వదిలేసిన 1967లోనే మన ‘భక్త ప్రహ్లాద’ విడుదలైంది. ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడు, చిన్నారి రోజారమణి ప్రహ్లాదుడు. పిల్లల్ని చంకనేసుకుని జనం వెళ్ళారు. 2025 జులైలో యానిమేషన్‌లో వచ్చిన ‘మహావతార్ నరసింహ’కి కూడా కుటుంబాలు కుటుంబాలే కదిలాయి.

అయితే ఈ ఉదాహరణని అతిగా సాగదీయకూడదు. ప్రహ్లాదుడి కథలో ఎంత ఘోరం జరుగుతున్నా పిల్లవాడు భయపడడు, వాడికి తోడు ఉందని వినేవాళ్ళకి మొదటి నుంచీ తెలుసు. కథ చెప్పే నానమ్మ కూడా పక్కనే ఉంటుంది. 2018 మోగ్లీకి గోడ మీద స్నేహితుడి తల కనిపించినప్పుడు వాడి పక్కన ఎవరూ లేరు. అక్కడ భయం కన్నా ఒంటరితనం ఎక్కువ. నెత్తురు కొలిచే పద్ధతులకి ఈ తేడా అందదు. అందుకే ‘మన పురాణాల్లో ఇంతకన్నా ఎక్కువ ఉంది కదా’ అన్న మాట సగమే సరైనది.

## తెలుగులో మాట్లాడితే మారేవి

1993లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో వచ్చిన జంగిల్ బుక్ జపాన్ వాళ్ళ కార్టూన్. గుల్జార్ పాట, విశాల్ భరద్వాజ్ ట్యూన్. హిందీ ముక్క రాని మన పిల్లలు కూడా ఆ పాటని తప్పుల్తో సహా పాడేవారు. షేర్‌ఖాన్‌కి నానా పాటేకర్ గొంతు. 2016 హిందీ వెర్షన్‌కి మళ్ళీ ఆయన్నే పిలిచారు, పాత పాటని మళ్ళీ రికార్డు చేశారు. అంటే హిందీ ప్రేక్షకుల్ని హాలుకి రప్పించింది సగం వాళ్ళ చిన్నతనం.

తెలుగులో డబ్బింగ్ ఇంకో దారి పట్టింది. పెద్ద హీరోల గొంతులు, నవ్వించేవాళ్ళ యాస. 2019 ‘లయన్ కింగ్’లో సింబాకి నాని, 2024 ‘ముఫాసా’లో ముఫాసాకి మహేశ్‌బాబు, పక్కన పుంబా టిమోన్లకి బ్రహ్మానందం, అలీ. దీనివల్ల ఒక మేలుంది: ఇంగ్లిష్ అందని అమ్మమ్మ కూడా మనవడితో ఒకే జోక్‌కి నవ్వుతుంది, పైన చెప్పిన మూడో రకం ఫ్యామిలీ సినిమా అవుతుంది. నష్టం కూడా ఉంది. తెలిసిన కమెడియన్ గొంతు వినగానే హాలు నవ్వడానికి సిద్ధమైపోతుంది, భయంగానో బాధగానో ఉండాల్సిన చోట కూడా.

## ఇప్పుడు మోగ్లీని ఎవరైనా తియ్యొచ్చా

రెండేళ్ళ తేడాలో రెండు సంస్థలు ఒకే కథ తీస్తే డిస్నీ కథని ఇంకొకరు కాపీ కొట్టారని చాలామంది అనుకున్నారు. మోగ్లీ డిస్నీ సొత్తు కాదు. మన కాపీరైట్ చట్టం ప్రకారం పుస్తకం మీద హక్కు రచయిత చనిపోయిన తరవాతి ఏడాది నుంచి 60 ఏళ్ళు. అంతకుముందు 50 ఏళ్ళే ఉండేది. కిప్లింగ్ 1936లో పోయాడు, కాబట్టి ఎలా లెక్కేసినా గడువు ఎప్పుడో దాటింది. భీమిలి రోడ్డు స్టూడియోలో కూర్చుని ఎవరైనా తెలుగు మోగ్లీని మొదలుపెట్టొచ్చు, ఎవరికీ రూపాయి కట్టక్కర్లేదు. గేదెల మంద, అడవికుక్కల యుద్ధం, వసంతపు దిగులు, మంచి కొండచిలువ అన్నీ అందరివీ.

డిస్నీ కలిపినవి మాత్రం డిస్నీవే. కోతుల రాజు లూయీ, బద్ధకిష్టి బలూ రూపం, పాటలు వాడుకోవడానికి లేదు. ఇందులో కూడా ఒక మెలిక ఉంది. మన చట్టంలో సినిమా మీద హక్కు విడుదలైన తరవాతి ఏడాది నుంచి 60 ఏళ్ళు. 1967 సినిమాకి ఆ లెక్కన ఇండియాలో 2027 చివరితో గడువు తీరుతుంది. అమెరికాలో అలాంటి సినిమాలకి 95 ఏళ్ళు, అంటే 2062 దాకా. పాటలకి మళ్ళీ వేరే లెక్క, వాటిని రాసినవాళ్ళ ఆయుష్షు మీద ఆధారపడుతుంది. కోతుల రాజు పాట రాసిన షెర్మన్ అన్నదమ్ముల్లో చివరివాడైన రిచర్డ్ 2024లో చనిపోయారు. ఆ పాట ఇక్కడ 2084 చివరిదాకా ఎవరూ ముట్టుకోలేరు.